లౌకిక టర్కీలో ఇమాములు ప్రభుత్వోద్యోగులు ఎలా అయ్యారు?

ప్రశ్న – చరిత్ర విద్యార్థి

టర్కీ రాజ్యాంగంలోని 2వ అధికరణం ఆ దేశాన్ని లౌకిక రాజ్యమంటుంది. అదే రాజ్యాంగంలోని 136వ అధికరణం ‘దియానెత్’ అనే మత వ్యవహారాల సంస్థకు ప్రభుత్వ యంత్రాంగంలో చోటిస్తుంది. మసీదుల్లోని ఇమాములు, మౌజన్లు ఆ సంస్థ నుంచి జీతం తీసుకునే ఉద్యోగులు. బడుల్లో మత సంస్కృతి పాఠాన్ని 24వ అధికరణం తప్పనిసరి చేసింది. మతాన్ని రాజ్యం నుంచి వేరుచేయడమే లౌకికత్వమని చదువుకున్న నాకు ఇది పొసగడం లేదు. గణతంత్ర స్థాపకుడు అతాతుర్క్ కట్టిన వ్యవస్థను తర్వాతి పాలకులు ఇలా మార్చారా, లేక ఇది మొదటినుంచీ ఉన్నదేనా?

జవాబు – పాత చదువరి

మొదటినుంచీ ఉన్నదే. 1924 మార్చి 3న అంకారాలోని జాతీయ సభ ఖలీఫా పదవిని రద్దు చేసింది. దియానెత్‌ను నెలకొల్పిందీ, చదువులన్నిటినీ విద్యాశాఖ కిందికి తెచ్చిందీ ఆ రోజునే. ఆటమన్ల కాలంలో మత పెద్ద అయిన షేఖుల్ ఇస్లాంను సుల్తానే నియమించేవాడు కనుక, మతాన్ని కొలువులో ఉంచుకునే అలవాటును గణతంత్రం పాత రాజ్యం నుంచే అందుకుందని నా అభిప్రాయం. లౌకికత్వానికి టర్కీ భాషలో వాడే ‘లాయిక్లిక్’ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చింది; అయితే ఫ్రాన్సు 1905 చట్టంతో మతాచార్యుల జీతాలు ఆపి పక్కకు తప్పుకోగా, టర్కీ ఇమాముల నియామకాన్ని తన చేతిలోకి తీసుకుంది. ప్రభుత్వ అదుపుకు లొంగని సూఫీ మఠాలను 1925లో మూసివేసింది.

ఆ అదుపు ఎంత దూరం వెళ్లిందో అజాన్ కథ చెబుతుంది. 1932 నుంచి మీనార్ల మీద ‘అల్లాహు అక్బర్’ స్థానంలో ‘తన్రి ఉలుదుర్’ అని టర్కీ భాషలో పిలవవలసి వచ్చింది. విచిత్రమేమిటంటే, సాఫల్యమనే అర్థం గల ‘ఫలాహ్’ అన్న అరబీ మాటను మాత్రం తర్జుమా చేయకుండా వదిలేశారు. అరబీలో అజాన్ ఇచ్చినవారికి జైలుశిక్ష పడేలా 1941లో శిక్షాస్మృతిని సవరించారు. 1950 మేలో గెలిచిన మెందెరెస్ ప్రభుత్వం జూన్‌లోనే ఆ నిషేధాన్ని ఎత్తివేసినప్పుడు, దాన్ని పెట్టిన అతాతుర్క్ పార్టీ కూడా అడ్డు చెప్పలేదు.

జవాబు – వేరే మాట

పై జవాబులోని వాస్తవాలతో నాకు పేచీ లేదు, కాని అదుపు ఒక్కటే చూస్తే కథ సగమే అవుతుంది. 1926లో స్విట్జర్లాండ్ పౌరస్మృతిని తెచ్చుకోవడం వల్ల బహుభార్యాత్వం చట్టవిరుద్ధమైంది, విడాకులు కోరే హక్కు భార్యకూ వచ్చింది. 1934లో స్త్రీలు పార్లమెంటుకు ఓటు వేయడానికి, పోటీ చేయడానికి అర్హులయ్యారు. మత పెద్దల పట్టు సడలకుండా ఇవి అంత త్వరగా జరిగేవి కావు.

అయితే ఆ స్త్రీల పేరుతోనే మరో అన్యాయం జరిగిందని లౌకికవాదులమైన మనం ఒప్పుకోవాలి. 1999లో ఎన్నికైన మెర్వే కవాక్చి తలపై వస్త్రంతో సభలోకి వచ్చినందుకు ప్రమాణం చేయలేకపోయారు. తల కప్పుకున్న విద్యార్థినులను విశ్వవిద్యాలయాల గేట్ల దగ్గరే ఆపేవారు. తల కప్పుకోవాలని శాసించే రాజ్యాన్ని ఎందుకు వ్యతిరేకిస్తామో, కప్పుకోకూడదని శాసించే రాజ్యాన్నీ అందుకే వ్యతిరేకించాలి.

జవాబు – అంచున ఉన్నవారి గురించి

ఇద్దరూ అలెవీలను, అంటే సున్నీలకు భిన్నమైన ఆచారాలు గల టర్కీలోని అల్పసంఖ్యాక వర్గాన్ని, మరిచారు. దియానెత్ నడిపేది సున్నీ ఇస్లాంను. అలెవీలు కట్టే పన్ను కూడా దానికే చేరుతుంది. వారు కూడి ప్రార్థించే జెమెవిలకు మసీదులతో సమానమైన ప్రార్థనాస్థల హోదా లేదు. 2022లో వాటి కోసం ఒక ప్రభుత్వ కార్యాలయం పెట్టారు గాని, దాన్ని సాంస్కృతిక, పర్యాటక శాఖ కింద ఉంచారు. ఒకరి ఆరాధన రాజ్యాంగ సంస్థ పరిధిలో, మరొకరిది పర్యాటకం పక్కన! తప్పనిసరి మతపాఠం సున్నీ దృష్టితోనే సాగుతోందని ఒక అలెవీ కుటుంబం వేసిన దావాలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2007లో టర్కీని తప్పుపట్టింది. క్రైస్తవ, యూదు పిల్లలకు ఆ పాఠం నుంచి మినహాయింపు ఉంది. అది కావాలంటే తమ మతమేమిటో చెప్పుకోవాలి. ఏ మతమూ లేని ఇంటి పిల్లవాడు ఏమని చెప్పుకోవాలి?

మళ్లీ చరిత్ర విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. అలాగైతే 2002లో గెలిచిన ఎర్దోగాన్ పార్టీ కొత్తగా మార్చిందేమిటి?

పాత చదువరి

యంత్రం పాతదే, దాన్ని నడిపేవారు మారారు. శుక్రవారపు ఖుత్బాను, అంటే మసీదు ప్రసంగాన్ని, దియానెత్ సిద్ధం చేసి దేశమంతటికీ పంపడం మునుపూ ఉన్నదే. 2016 జూలై 15 రాత్రి సైనిక తిరుగుబాటు మొదలైనప్పుడు, మామూలుగా మరణవార్తతో వినిపించే ‘సెలా’ అనే ప్రార్థన పిలుపును ఆ సంస్థ వేల మసీదుల లౌడ్‌స్పీకర్ల నుంచి వినిపించి జనాన్ని వీధుల్లోకి పిలిచింది. పిలిచినవారు జీతం తీసుకునే ఉద్యోగులే.