షుగర్ ఉన్నవాళ్ళకి పంచదార బదులు ఏది: తాటిబెల్లమా, స్టీవియానా?

కొత్తచిగురు: షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి తాటిబెల్లం పెట్టొచ్చని కొందరు, మధుపత్రి ఆకు నుంచి తీసే స్టీవియానే మేలని కొందరు అంటున్నారు. కాఫీకి, పాయసానికి, అరిసెలకి ఏది వాడాలి? ఎంత వాడాలి?

తాటితోపు: నా ఓటు తాటిబెల్లానికే. నీరా కాచి చేస్తారు, శుద్ధి చెయ్యరు కాబట్టి ఇనుము, పొటాషియం అందులోనే ఉంటాయి. పంచదారలో అవేవీ ఉండవు.

చెంచాలెక్క: ఉంటాయండీ, కానీ ఎంత? మామూలు చెరకు బెల్లమే తీసుకోండి. మంచి బెల్లమే అనుకున్నా నూరు గ్రాములకి ఇనుము 10 మిల్లీగ్రాముల అటూ ఇటూ. అంటే 10 గ్రాముల ముక్కలో 1 మిల్లీగ్రాము. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కన ఆడవాళ్ళకి రోజుకి 29 కావాలి. ఇనుము కోసమైతే రాగులు, తోటకూర తినండి. ఆ ముక్కలో మిగతాదంతా దాదాపు చక్కెరే, తాటిబెల్లమైనా అంతే. రక్తంలో షుగర్ పెంచడంలో పంచదారకి ఏమీ తీసిపోదు. తేనె సంగతీ ఇంతే. పైగా ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించకూడదు, బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం.

తాటితోపు: ఇనుము లెక్క ఒప్పుకుంటాను. మరి 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టీవియా కూడా వద్దంది కదా?

చెంచాలెక్క: బరువు తగ్గడానికి స్టీవియాలాంటి చక్కెర కాని తీపి పదార్థాల్ని నమ్ముకోవద్దంది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి ఆ సూచన వర్తించదని అందులోనే రాశారు. స్టీవియాకి రోజు పరిమితి కిలో బరువుకి 4 మిల్లీగ్రాములు, స్టీవియాల్ (స్టీవియా ఒంట్లో విడిపోయాక మిగిలే పదార్థం) లెక్కన. అదీ శుద్ధి చేసిన సారానికే. కుండీలో పెంచిన మధుపత్రి ఆకుని ఎండబెట్టి కొట్టిన పొడికి ఈ హామీ లేదు.

లేబుల్‌చూడు: అసలు తేడా డబ్బా వెనక ఉంది. శుద్ధ స్టీవియా పంచదార కన్నా 200 నుంచి 300 రెట్లు తీపి. 5 గ్రాముల చెంచా పంచదారకి సుమారు 20 మిల్లీగ్రాములు చాలు, అంటే గోరంచున నిలిచేంత. చెంచాలతో కొలిచి వేసుకోమనే పొడి అయితే అందులో ఎక్కువ భాగం వేరేది. జాబితాలో మొదటి పేరు మాల్టోడెక్స్ట్రిన్ లేదా డెక్స్ట్రోజ్ అయితే పక్కన పెట్టండి, రెండూ షుగర్ పెంచేవే. చిన్న పొట్లంతో పోయేదేం లేదు, పాయసంలో కప్పు పోస్తేనే చిక్కు. ఎరిథ్రిటాల్ అనే తీపి పొడి అయితే షుగర్ పెరగదు. కానీ రక్తంలో అది ఎక్కువ ఉన్నవాళ్ళకి గుండెపోటు ముప్పు ఎక్కువ కనిపించిందని 2023లో ఒక అధ్యయనం వచ్చింది. కారణం అదేనని తేలలేదు గానీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు రోజూ వాడకపోవడమే మంచిది.

పాకంపట్టు: ఇక వంట. పాయసంలో 200 గ్రాముల పంచదార పడే చోట శుద్ధ స్టీవియా లెక్కకి ముప్పావు గ్రాము దాకా వస్తుంది. ముందు సగమే వేసి రుచి చూడండి, మోతాదు మించితే నాలుక చివర చేదు నిలిచిపోతుంది. ఏలకులు, పాలు ఆ చేదుని కొంత కప్పుతాయి. కాఫీలోనూ సగంతోనే మొదలుపెట్టండి.

అరిసెలకి మాత్రం స్టీవియా పనికిరాదు. నీళ్ళలో వేసిన పాకం చుక్క మెత్తని ఉండ కట్టాలంటే చక్కెర ఉండాల్సిందే. ఎరిథ్రిటాల్‌తో చేస్తే చల్లారాక ఇసుకలా పలుకు తేలుతుంది. బెల్లంతోనే చిన్నవి చేసి, ఒక్కటి పెట్టండి. దాన్ని ఆ రోజు తీపి లెక్కలో వేసుకోండి.

మిగతా ఇంట్లోవాళ్ళకి బెల్లం పాయసమైతే బెల్లం విడిగా కరిగించి, వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక దించిన పాలల్లో కలపండి. మళ్ళీ పొయ్యి మీద పెట్టారో విరుగుతాయి, బెల్లంలో పులుపు ఉంటుంది. మరీ పసుపు తేలిన బెల్లం కొనకండి, ఆ రంగు చాలాసార్లు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వల్లే.

సూదిమందు: ఒక్కటి ఎవరూ చెప్పలేదు. ఇన్సులిన్ గానీ షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు ఒక్కసారిగా పంచదార మానేస్తే మందు మోతాదు ఎక్కువైపోవచ్చు, ముందే డాక్టర్‌ని అడగండి. చెమటలు పట్టి, చేతులు వణికి షుగర్ 70 కన్నా తగ్గితే స్టీవియా కలిపిన నీళ్ళు ఏ సాయమూ చెయ్యవు. 15 గ్రాముల గ్లూకోజ్ లేదా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్ళీ పరీక్ష చెయ్యాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో అంతా స్టీవియాకి మారినా పంచదార డబ్బా ఒకటి చేతికందేలా ఉంచండి.