టాక్సికోజినోమిక్స్ వారం రోజుల పీజీ కోర్సు: కోడింగ్ రాకుండా వెళ్లొచ్చా?

ప్రశ్న (ప్రీక్లినికల్ ల్యాబ్ ఉద్యోగిని, జీనోమ్ వ్యాలీ, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ చేశాను. కొన్నేళ్లుగా ఎలుకల మీద టాక్సిసిటీ స్టడీలు చేస్తున్నాను. డోసింగ్, నెక్రాప్సీ (జంతువును కోసి అవయవాలు పరీక్షించడం), ఏఎల్‌టీ, ఏఎస్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు) రిపోర్టులు, స్లైడ్లు నా రోజువారీ పని. నెదర్లాండ్స్‌లో టాక్సికోజినోమిక్స్ (జీన్ల పనిలో వచ్చే మార్పులను బట్టి మందుల విషప్రభావాన్ని చదివే శాస్త్రం) మీద వారం రోజుల పీజీ కోర్సు ఉంది. ఫీజులో సగం కంపెనీ ఇస్తానంటోంది, మిగతా సగం, ప్రయాణం ఖర్చు నావే. ప్రోగ్రామింగ్ నాకు అసలు రాదు. వెళ్తే ఏమైనా తలకెక్కుతుందా? లేక ముందు ఇక్కడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని తర్వాత చూసుకోమంటారా?

జవాబు (పోస్ట్‌డాక్, నెదర్లాండ్స్)

తప్పకుండా రండమ్మా. ఈ సబ్జెక్టులో పెద్ద చిక్కులన్నీ కంప్యూటర్ దాకా రాకముందే, జంతువు దగ్గరే మొదలవుతాయి. అక్కడ మీకున్న అనుభవం క్లాసులో చాలామందికి ఉండదు.

పారాసెటమాల్ సంగతే చూడండి. మోతాదు మించితే లివర్‌లో సీవైపీ2ఈ1 లాంటి ఎంజైములు దాన్ని నాప్‌క్వి అనే విషపదార్థంగా మారుస్తాయి. దాన్ని పట్టి ఉంచే గ్లూటాథయోన్ అయిపోతుంటే కణం ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే రక్షణ ప్రొటీన్ ద్వారా ఆత్మరక్షణకు దిగుతుంది. హెచ్‌మాక్స్1, ఎన్‌క్యూఓ1 లాంటి జీన్లు పైకి లేస్తాయి. రక్తంలో ఏఎల్‌టీ పెరగకముందే ఇవి కనిపించవచ్చు. కానీ జీన్ల జాబితా ఒక్కటే చేతిలో ఉంటే అది కణం తట్టుకున్న ఒత్తిడో, గాయానికి మొదటి మెట్టో తేల్చలేం. అదే జంతువు స్లైడులో సెంట్రిలోబ్యులర్ నెక్రోసిస్ (లివర్‌లో మధ్య సిర చుట్టూ కణాలు చచ్చిపోవడం) ఉందా లేదా అని పక్కన పెట్టి చూడాలి. దీన్నే ఫీనోటిపిక్ యాంకరింగ్ అంటారు. కోర్సులో దీనికి ఎంత సమయం ఇచ్చారో సిలబస్‌లో ముందు చూసుకోండి.

నెక్రాప్సీ వరుస గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లివర్‌కు తన సొంత గడియారం ఉంటుంది. డీబీపీ, పెర్2, సీవైపీ7ఏ1 లాంటి జీన్లు ఒకే రోజులో బాగా ఎక్కి దిగుతాయి. కంట్రోల్ గ్రూపునంతా పొద్దున్నే కోసేసి, హై డోస్ గ్రూపును మధ్యాహ్నానికి పెడితే ఆ తేడా అంతా మందు ప్రభావంలా కనిపిస్తుంది. ఏ స్టాటిస్టిక్సూ దాన్ని తర్వాత విడదీయలేదు. గ్రూపులను కలిపి వరుస వేయాలి. ప్రతి జంతువు నుంచీ లివర్‌లో ఒకే లోబ్ తీసుకోవాలి. ముక్కను వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో వేయాలి, లేదా ఆర్‌ఎన్‌ఏ పాడవకుండా కాపాడే ద్రావణంలో ఉంచాలి.

ఇంకొకటి. హై డోస్‌లో ఎలుకలు మేత తగ్గిస్తాయి కదా. ఆకలితో ఉన్న లివర్ కొవ్వును కరిగించే జీన్లను పెంచుతుంది, సీపీటీ1ఏ లాంటివి. మందు పీపార్ ఆల్ఫాను (కొవ్వు కరిగించే జీన్లను నడిపే ప్రొటీన్) కదిలించినా దాదాపు ఇదే బొమ్మ. రెండింటినీ వేరు చేయడానికి మొదట తెరవాల్సింది మీరు రోజూ రాసే ఫీడ్ కన్సంప్షన్ పట్టికే.

జవాబు (బయోఇన్ఫర్మేటిక్స్, హైదరాబాద్)

పైన సార్ చెప్పినదంతా నిజమే. అయినా ఆర్ తెరవడం కూడా రాకుండా మాత్రం వెళ్లకండి. ప్రాక్టికల్ సెషన్లలో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోవడంలోనే పూట గడిచిపోతుంది. పెద్ద కోర్సులేం కట్టక్కర్లేదు. టేబుల్ చదివించడం, అందులోంచి కొన్ని వరుసలు తీసుకోవడం, గ్రాఫ్ గీయడం వస్తే చాలు. బయోకండక్టర్ (జీన్ డేటా కోసం ఆర్‌లో వాడే ప్యాకేజీల సేకరణ) పాఠాలు ఉచితమే.

సాధనకు జపాన్ వాళ్ల ఓపెన్ టీజీ-గేట్స్ అనే డేటాబేస్ తీసుకోండి. సుమారు 170 రసాయనాల డేటా ఉంది. ఎలుకలకు ఒక్కసారి డోస్ ఇచ్చి 3, 6, 9, 24 గంటలకు చూశారు. రోజూ డోస్ ఇచ్చిన స్టడీలు 28 రోజుల దాకా ఉన్నాయి. బ్లడ్ కెమిస్ట్రీ, పాథాలజీ ఫలితాలు కూడా పెట్టారు కాబట్టి మీకు చదవడం తేలిక. పారాసెటమాల్ కూడా ఉంది, దాంతోనే మొదలుపెట్టండి. అది మైక్రోఅరే (చిప్ మీద జీన్ల పనిని కొలిచే పద్ధతి) డేటా, లిమ్మా అనే ఆర్ ప్యాకేజీ వాడాలి. డీఈసెక్2 అనే ఇంకో ప్యాకేజీ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ కౌంట్ల కోసం. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడుతుంటారు.

ముందు పీసీఏ (ఏ శాంపిళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో చూపే గ్రాఫ్) గీయండి. శాంపిళ్లు డోసును బట్టి విడిపోతున్నాయా, ప్రాసెస్ చేసిన తేదీని బట్టి విడిపోతున్నాయా చూడండి. తేదీని బట్టి అయితే అక్కడే ఆగండి. ఇక పీ వాల్యూ 0.05 అని గీత గీసేయకండి. 20,000 జీన్లు పరీక్షిస్తే మందు ఏమీ చేయకపోయినా సుమారు 1,000 ఆ గీత దాటతాయి. అందుకే ఇన్ని పరీక్షలకు తగ్గట్టు బెంజమినీ-హాక్‌బర్గ్ పద్ధతిలో సవరించిన విలువలు చూడాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఫీడ్ పట్టిక మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది. ఇంకో రెండు సందేహాలు. టీజీ-గేట్స్‌లో గ్రూపుకు మూడు జంతువుల జీన్ డేటానే కనిపిస్తోంది, సరిపోతుందా? ఈ సర్టిఫికెట్ ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు (పోస్ట్‌డాక్, నెదర్లాండ్స్)

హై డోస్‌లో వచ్చే బలమైన మార్పులకు మూడు సరిపోతాయి. తక్కువ డోసుల్లో చిన్న మార్పులు జారిపోతాయి. మీ ల్యాబ్‌లో కొత్తగా ప్లాన్ చేస్తే డోసుల సంఖ్య పెంచమని అడగండి. ఏ మోతాదు దగ్గర జీన్లు కదలడం మొదలైందో లెక్కగట్టే బెంచ్‌మార్క్ డోస్ పద్ధతికి అదే మేలు. దానికి వాడే బీఎండీఎక్స్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, కోడ్ రాయకుండా కంప్యూటర్ మౌస్‌తోనే నడుస్తుంది. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2018లో ఈ విధానం మీద ఇచ్చిన రిపోర్టు చదివి రండి.

వారం సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. యూరోపియన్ రిజిస్టర్డ్ టాక్సికాలజిస్ట్ గుర్తింపుకు ఐదేళ్ల అనుభవం, విస్తృతమైన థియరీ శిక్షణ కావాలి. అందులో ఒక భాగంగా ఈ కోర్సును లెక్కలోకి తీసుకుంటారేమో నిర్వాహకులకు మెయిల్ పెట్టి అడగండి. మీ అనుభవం ఎలాగూ కలిసొస్తుంది.

వీసా విషయం మర్చిపోకండి. షార్ట్ స్టే షెంగెన్ చాలు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. కంపెనీ స్పాన్సర్ లెటర్‌లో ఎవరు ఎంత భరిస్తున్నారో స్పష్టంగా రాయించుకోండి.

పారాసెటమాల్ పీసీఏ గీశాక ఇక్కడే పెట్టండమ్మా, కలిసి చూద్దాం.