అద్దకం నీటికి ఊక బొగ్గు సరిపోతుందా?

నెల్లూరు మగ్గం:
మా ఊళ్లో నూలుకు రంగులద్దిన నీళ్లు నేరుగా కాలువలో కలుస్తున్నాయి. ఆ కాలువ కిందే నారుమళ్లు. రైస్ మిల్లుల దగ్గర ఊక గుట్టలుగా పడి ఉంది. దాన్ని బొగ్గుగా కాల్చి రంగు నీటిని వడగడితే చాలదా? చేనేత కుటుంబం లక్షల యంత్రం ఎక్కడ కొనగలదు?

కెమిస్ట్రీ మాస్టారు:
చాలదండీ. ఊక రంగును పీలుస్తుందని చూపే ప్రయోగాల్లో తరచుగా వాడేది మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు. నీటిలో దానిది ధనావేశం, ఊక ఉపరితలానిది ఋణావేశం. అందుకే అతుక్కుంటాయి. నూలుకు ఎక్కువగా వేసే రియాక్టివ్ రంగుల్లో సల్ఫోనేట్ సమూహాలుంటాయి, వాటిదీ ఋణావేశమే. పైగా అద్దకంలో వేసే సోడా యాష్ అనే క్షారం వల్ల తొట్టి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 10, 11 దాకా ఉంటుంది. అంత క్షారంలో ఊక ఆ రంగును ఇంకా దూరం నెడుతుంది. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వదిలే నీటి పీహెచ్ 6.5, 8.5 మధ్య ఉండాలి. ముందు ఆమ్లంతో దాన్ని దించకుండా ఏ బొగ్గు గురించి మాట్లాడినా వృథా.

కావలి తీరం:
మాస్టారూ, ఊకను పక్కన పెడదాం. మన జిల్లాలో రొయ్యల తొక్కలకు కొదవా? వాటి నుంచి తీసే కైటోసాన్‌లో అమైన్ సమూహాలున్నాయి. ఆమ్లపు నీటిలో అవి ధనావేశం పొంది, మీరు చెప్పిన రంగునే గట్టిగా పట్టుకుంటాయి. ఈ దారిని ఎందుకు వదలాలి?

కెమిస్ట్రీ మాస్టారు:
వదలమనను. కానీ కైటోసాన్ తయారీకి తొక్కలను ఆమ్లంలో నానబెట్టాలి, ఆ పైన గాఢమైన కాస్టిక్ సోడాలో వేడి చేయాలి. పెరట్లో చేస్తే అద్దకం నీటి కంటే ఘోరమైన నీళ్లు మిగులుతాయి. సహకార సంఘం తరఫున తయారైన సరుకు కొనడం నయం. ఆమ్లం ఎక్కువైతే కైటోసానే కరిగిపోతుంది, అదీ చూసుకోవాలి.

చీరాల అల్లుడు:
రంగు పట్టిన బొగ్గును తర్వాత ఎక్కడ పోస్తారు? అధిశోషణంతో, అంటే రంగు బొగ్గు ఉపరితలానికి అతుక్కోవడంతో, అది నశించదు, నీటిలోంచి బొగ్గులోకి మారుతుంది, అంతే. గట్టున పోస్తే వానకు మళ్లీ కాలువలోకే దిగుతుంది. ఆ లెక్క వేయకుండా చవక అనడం నాకు నచ్చదు.

నెల్లూరు మగ్గం:
అయితే చేతులు ముడుచుకు కూర్చోవాలా అన్నా? నారు ఎండిపోతోంది!

కెమిస్ట్రీ మాస్టారు:
నారును ఎండబెట్టేది రంగు కంటే ముందు ఉప్పు. అద్దకంలో వేసే ఉప్పు ఊక బొగ్గుకూ చిక్కదు, కైటోసాన్‌కూ చిక్కదు. అది ఎక్కువగా మిగిలేది అద్దిన తొట్టిలోనే. ఆ నీటిని కడిగిన నీళ్లలో కలపకుండా, అడుగున టార్పాలిన్ పరిచిన మడిలో ఎండబెట్టండి. మన ఎండకు ఆ పని అవుతుంది. కైటోసాన్‌ను కడిగిన నీళ్ల మీద, మీ తొట్లలోని రంగుతోనే పరీక్షించండి.