తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో అద్దె: సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: 1,650 చదరపు అడుగుల త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్. అద్దె 52,000, మెయింటెనెన్స్ వేరే. ఓనర్ అమెరికాలో స్థిరపడ్డారు, వాళ్ల బావమరిది మాట్లాడుతున్నారు. అగ్రిమెంట్‌లో ఏమేం రాయించుకోవాలండీ?

జవాబు 1: ముందు మెయింటెనెన్స్ చదరపు అడుక్కి ఎంతో కనుక్కోండి. 4 రూపాయలైతే నెలకి 6,600. జనరేటర్ కరెంటు, వేసవి ట్యాంకర్ల ఖర్చు అందులోనే కలిశాయా, విడిగా వేస్తారా అన్నది అసోసియేషన్ ఆఫీసులోనే అడగాలి, బ్రోకర్‌ని కాదు. కరెంటు బాకీ ఉందేమో మీటరు యూఎస్‌సీ నంబరుతో (ప్రతి కనెక్షన్‌కీ ఉండే ప్రత్యేక నంబరు) చూసేయండి.

జవాబు 2: అసలు చిక్కు ఓనర్ ఎన్ఆర్ఐ కావడం. ఇక్కడే ఉండే ఓనరైతే నెలకి 50,000 దాటిన అద్దెకి 2 శాతం టీడీఎస్‌తో (అద్దెలోంచి మీరే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) సరిపోయేది. ఎన్ఆర్ఐకి ఆ పరిమితే లేదు, మొదటి రూపాయి నుంచీ కోయాలి. 30 శాతం, పైన సెస్సు, వెరసి 31.2. ఆయన ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకుంటే తగ్గుతుంది. కోయకపోతే పన్ను, వడ్డీ మీ మెడకే. డబ్బు బావమరిది ఖాతాలో వేసినా ఇదే లెక్క.

@జవాబు 1, మీరు చెప్పినవన్నీ దీని తర్వాతే!

జవాబు 3: బావమరిది సంతకం పెడితే పవర్ ఆఫ్ అటార్నీ కాపీ తీసుకోండి. గడువు మామూలుగా 11 నెలలు రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో అంకె వేయించండి. "తగినంత" అని రాస్తే ఒప్పుకోవద్దు.