పన్ను చట్టం బోధించే అధ్యాపకుడు కోర్టులో వాదించవచ్చా?

కడియం వాసి:
పూర్తికాలపు జీతం తీసుకునే వ్యక్తి న్యాయవాదిగా కొనసాగకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నియమం చెబుతోంది. అదే, వాదించే న్యాయవాది మాత్రం 1979 నాటి నిబంధనల ప్రకారం రోజుకు మూడు గంటలు మించకుండా పాఠం చెప్పవచ్చు. ఇది సబబేనా? ఎల్‌ఎల్‌ఎం చదువుతున్న మా అబ్బాయి పన్ను చట్టం బోధించాలనుకుంటున్నాడు కనుక అడుగుతున్నాను.

భీమవరం వకీలు:
సబబు కాదండీ, ఒక ఉదాహరణ చూడండి. మీ ఊరి నర్సరీలో పెంచిన మొక్కల మీద వచ్చే ఆదాయాన్ని 2008 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను పడని వ్యవసాయాదాయంగా పరిగణించమంది. మా రొయ్యల చెరువులకు ఆ భాగ్యం లేదు. ఎందుకు లేదో తరగతిలో చెప్పడానికి, నేలను దున్నడం, విత్తడం, నాటడం వంటి మూల క్రియలుంటేనే వ్యవసాయమని 1957లో బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలు. కానీ నోటీసుతో వచ్చిన రైతు సంచిలోంచి రొయ్య పిల్లల (సీడు) బిల్లులు, మేత దుకాణం ఖాతా, కరెంటు రసీదులు, వాటితోపాటు ఆ చెరువు వరి చేనుగా ఉన్నప్పటి లీజు కాగితమే ఇంకా బయటపడితే, ఏ సంవత్సరం ఆదాయం ఏ కోవలోకి వస్తుందో తేల్చడం ఏ పుస్తకమూ నేర్పదు. ఆ సంచి విప్పి చూడని వారు చెప్పే పాఠం ఎంతవరకు నిలుస్తుంది?

అమలాపురం అధ్యాపకుడు:
సంచి విప్పాలంటే వకాలత్ ఎందుకండీ, విద్యార్థులతో కలిసి కూర్చుని చూస్తే చాలదా? నేను చదువుకునే రోజుల్లో మాకు పన్నులు చెప్పిన న్యాయవాది గారు గొప్ప పండితులే, కాని అసెస్‌మెంట్ల గడువు దగ్గరపడే నెలల్లో తరగతికి వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఒక సెక్షన్‌కు ఏ అర్థం చెప్పాలో రాసే అధ్యాపకుడు అదే సెక్షన్ మీద ఒక కక్షిదారు దగ్గర ఫీజు తీసుకుని ఉంటే, ఆ వ్యాసం చదివే అధికారికి గాని విద్యార్థికి గాని ఆ సంగతి తెలియదు. ఎల్‌ఎల్‌బీలో వృత్తి నైతికతను తప్పనిసరి పేపరుగా పెట్టుకున్న మనం, దాన్ని బోధించే వారికే మినహాయింపు అడగడం నాకు మింగుడుపడదు.

భీమవరం వకీలు:
ఫీజు సంగతి వ్యాసం కింద రాయమనండి, చాలు. దానికి వాదించే హక్కే తీసేయాలా?

అమలాపురం అధ్యాపకుడు:
రాసేవారు రాస్తారు, రాయని వారిని పట్టుకునేదెవరు? ఇక కడియం వారికి ఒక మాట: నియమం ఆపేది ఉద్యోగంలో ఉన్నంత కాలమే. మీ అబ్బాయి ముందు సనదు (న్యాయవాదిగా నమోదైన పత్రం) తీసుకుని విశాఖపట్నంలోని ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ బెంచ్ ముందు నాలుగైదేళ్లు సీనియర్ల వెంట తిరిగి, ఉద్యోగం వచ్చినప్పుడు బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపవచ్చు.

కడియం వాసి:
ఆ నాలుగైదేళ్లూ ఇంటి ఖర్చు నర్సరీయే భరించాలన్నమాట. అబ్బాయితో మాట్లాడి చెబుతాను.