రెండడుగుల చేపల ట్యాంకులో మొక్కలకు ఏ లైటు తీసుకోవాలి?

అడిగినవారు, శ్రీకాకుళం:
నమస్కారమండీ. మా హాల్లో ఉన్న ట్యాంకు పొడవు 24, వెడల్పు 12, ఎత్తు 15 అంగుళాలు. గప్పీలు హాయిగా ఉన్నాయి. ఈ మధ్యే అనుబియాస్, జావా ఫెర్న్, వాలిస్‌నేరియా పెట్టాను. లైటు మాత్రం మూతతో వచ్చిన నీలం రంగుదే. వాలిస్‌నేరియా ఆకులు కరిగిపోతున్నాయి. షాపులో అడిగితే ఎరుపు-నీలం గ్రో లైటు 40 వాట్లది తప్పనిసరి అన్నారు. కొనేయమంటారా? ఒక ఎర్ర మొక్క కూడా పెట్టాలని ఉంది.

జవాబు, విజయనగరం:
ఆగండి మాస్టారూ, ముందు ఆ 40 వాట్ల సంగతి వదిలేయండి. వాట్లు కరెంటు ఖర్చు చెబుతాయి, వెలుతురు కాదు. లీటరుకు ఇన్ని వాట్లు అనే లెక్క ట్యూబ్‌లైట్ల కాలం నాటిది. ఎల్ఈడీ డబ్బా మీద ల్యూమెన్లు, అంటే వెలుతురు కొలత, ఎంతో చూడండి. మీ ట్యాంకు నిండా పోస్తే 70 లీటర్లు. ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 60 అనుకోండి. మీరు చెప్పిన మూడు మొక్కలకీ లీటరుకు 10 నుంచి 20 ల్యూమెన్లు చాలు. రెండడుగుల 10 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే లైటు) సుమారు 1000 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు తెల్ల బ్యాటెన్‌తోనే పని జరుగుతుంది. 6500 కెల్విన్ (వెలుతురు రంగు చెప్పే అంకె) అని రాసి ఉన్నది తీసుకోండి. ఆ తెల్ల వెలుతురులోనే మొక్కకు కావలసిన ఎరుపూ నీలమూ ఉంటాయి. ఎరుపు-నీలం గ్రో లైటు ఇచ్చే ఊదారంగు వెలుతురులో మొక్కలు బతుకుతాయి గానీ, చేపలు మాత్రం రికార్డింగ్ డ్యాన్సు స్టేజీ మీద ఉన్నట్టు కనిపిస్తాయి.

ఆకులు కరగడానికి లైటే కారణం అనుకోకండి. వాలిస్‌నేరియా చోటు మారితే పాత ఆకులు వదిలేయడం మామూలే. మధ్యలోంచి కొత్త ఆకు వస్తోందా లేదా చూడండి. వస్తే టెన్షన్ అక్కర్లేదు. వేళ్ల దగ్గర రూట్ ట్యాబ్లెట్ (ఎరువు బిళ్ల) ఒకటి గుచ్చండి. అనుబియాస్, జావా ఫెర్న్‌ల కాండాన్ని మాత్రం ఇసుకలో పూడ్చవద్దు, కుళ్లిపోతుంది. రాయికో కర్రకో దారంతో కట్టండి.

ఎర్ర మొక్క సంగతి వేరు. దానికి లీటరుకు 40 ల్యూమెన్ల పైమాటే. అంత వెలుతురు పెడితే కార్బన్ డయాక్సైడ్, ఎరువు కూడా దానికి తగ్గట్టు ఇవ్వాలి. లేదంటే మొక్కలు వాడుకోని వెలుతురునంతా నాచు తింటుంది. నెమ్మదిగా పెరిగే అనుబియాస్ ఆకుల మీదే ముందు పచ్చ చుక్కలు పడతాయి.

మరొకరు, బొబ్బిలి:
ఇంత లెక్క ఎందుకన్నా, కిటికీ పక్కన పెట్టేస్తే ఎండే చాలదూ? మా చెరువులో హైడ్రిల్లా ఏ లైటు కింద పెరిగింది?

జవాబు, విజయనగరం:
చెరువు నీళ్లు పచ్చగా ఉన్నా ఎవరూ అడగరు తమ్ముడూ, హాల్లో ట్యాంకు పచ్చబడితే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. నేరుగా ఎండ పడే ట్యాంకులో నీళ్లు త్వరగా పచ్చబడతాయి. వేసవిలో వేడి కూడా ఎక్కుతుంది. హైడ్రిల్లా మాట మాత్రం మంచిదే. గబగబా పెరిగి నాచుకు తిండి మిగలనివ్వదు. చెరువు నుంచి తెస్తే నత్తలు, తూనీగ పిల్లలు రాకుండా కొన్నాళ్లు విడిగా బకెట్లో ఉంచాలి. తూనీగ పిల్ల గప్పీ పిల్లల్ని తినేస్తుంది.

అడిగినవారు, శ్రీకాకుళం:
అయితే బ్యాటెనే తీసుకుంటాను. ఎర్ర మొక్క తర్వాత చూద్దాం. రోజుకు ఎన్ని గంటలు వేయాలి? మాకు మధ్యమధ్యలో కరెంటు పోతుంది, టైమరు పనిచేస్తుందా?

జవాబు, విజయనగరం:
మొదట 6 గంటలు. నెల తర్వాత నాచు లేకపోతే 8 దాకా పెంచండి, అంతకు మించొద్దు. మీరు ఇంట్లో ఉండే వేళకే పెట్టుకోండి, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 అయినా మొక్కలకు అభ్యంతరం లేదు. కొత్త ట్యాంకు గాజు మీద గోధుమ రంగు పొర వస్తే అది డయాటమ్ అనే ఒక రకం నాచు, తుడిచేయండి, కొన్ని వారాల్లో తగ్గుతుంది.

చక్రం తిప్పే టైమరు కరెంటు పోగానే ఆగిపోతుంది. గంట కోత పడితే మీ లైటు గంట ఆలస్యంగా వెలుగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి.

బొబ్బిలి:
బ్యాటెన్‌ను నీళ్లపైన ఊరికే పెట్టేయకండి. మామూలు బ్యాటెన్‌కు తడి నుంచి రక్షణ ఉండదు. ట్యాంకు మీద గాజు పలక వేసి, దాని పైన స్టాండు కట్టి పెట్టండి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు జారిన చుక్క ప్లగ్గులోకి పోదు. ఆ లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపడం మరిచిపోవద్దు.