గోల్ఫ్ కోర్సు పక్కన ఇల్లు: ఫెయిర్‌వేకి కుడివైపు లాట్ తీసుకోవచ్చా?

కొత్తిల్లు_ఫ్రిస్కో

డాలస్‌కి ఉత్తరాన ఒక రీసేల్ ఇల్లు చూస్తున్నాం. 2004లో కట్టింది, ఈస్ట్ ఫేసింగ్. వెనక కంచె దాటితే గోల్ఫ్ కోర్సే. పార్ 4 హోల్ (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన ఆట దారి; దాని మధ్య పచ్చిక పట్టీయే ఫెయిర్‌వే). మ్యాప్‌లో కొలిస్తే టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి కంచె దాకా 210 గజాలు (పొడవు గజాలే, చదరపు గజాలు కాదు), టీ మీద నిలబడి చూస్తే ఇల్లు కుడిపక్కకి వస్తుంది. అదే వీధిలో ఎదురు వరసతో పోలిస్తే 45 వేల డాలర్లు ఎక్కువ చెబుతున్నారు. ఆప్షన్ పీరియడ్ (కొనకుండా వెనక్కి తగ్గగలిగే గడువు) ఇంకా 7 రోజులుంది.

ఇంట్లో ఎవరం గోల్ఫ్ ఆడం. వెనక ఇంకో ఇల్లు రాదు, పచ్చగా ఉంటుంది, అంతే. సోలార్ పెట్టించాలని ఉంది. ఆరేళ్ల పాప ఉంది. ఈ వారంలో ఏం చూడాలి, ఏ కాగితాలు అడగాలి?

గజాల_లెక్క

గోల్ఫ్ ఇల్లు మంచిదా చెడ్డదా అంటే జవాబు లేదండి. అదే హోల్ మీద నాలుగిళ్లు అటు జరిగితే కథ మారిపోతుంది. మీరు చెప్పిన చోటు మాత్రం బంతులు ఎక్కువ పడే చోటే.

ఆడేవాళ్లలో అత్యధికులు కుడిచేతి వాటం. మామూలు ఆటగాడు డ్రైవర్‌తో (దూరం కొట్టే క్లబ్, అంటే కర్ర) కొట్టి తప్పితే బంతి ఎక్కువగా కుడికి తిరుగుతుంది, దాన్నే స్లైస్ అంటారు. బంతిని తాకే క్షణంలో క్లబ్ ముఖం స్వింగ్ దారికంటే కుడికి తెరుచుకుని ఉంటే, బంతి పక్కకి వాలిన గిరగిరతో లేస్తుంది. మొదటి వంద గజాలు తిన్నగా పోతున్నట్టే ఉంటుంది, ఆ తర్వాతే వంపు బయటపడుతుంది. అందుకే టీ పక్కన ఉన్న ఇళ్లకి మాటల గోల తప్ప బంతి బెడద తక్కువ. 180 నుంచి 250 గజాల మధ్య, కుడివైపు ఉన్నవాళ్లకే అసలు బాధ. మీది 210.

ఈస్ట్ ఫేసింగ్, వెనక ఫెయిర్‌వే, టీకి కుడివైపు అన్నారంటే ఆట దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. డాలస్‌లో ఎక్కువ రోజులు దక్షిణపు గాలే. అది వెనక నుంచి తోస్తుంది, కాబట్టి బంతి ఇంకాస్త ముందుకి పోయి పడుతుంది, వంపు కొంచెం తగ్గుతుంది. చలికాలంలో ఉత్తరపు గాలి దిగితే ఎదురుగాలి, స్లైస్ ఇంకా విపరీతం.

శనివారం ఉదయం 8 నుంచి 11 దాకా బ్యాక్‌యార్డ్‌లో కూర్చోవడానికి అనుమతి అడగండి. ఒక్కో జట్టులో నలుగురు, పది నిమిషాలకో జట్టు. మూడు గంటల్లో డెబ్బై టీ షాట్లు మీ కళ్లముందే పోతాయి. కంచె అడుగున పొదల్లో చెయ్యి పెట్టి వెతకండి, ఇల్లు అమ్మేవాళ్లు లాన్ శుభ్రం చేస్తారు గాని పొదలు మర్చిపోతారు. ఫెయిర్‌వే మధ్యగీత నుంచి మీ కంచెకి ఎన్ని గజాలో కూడా మ్యాప్‌లో కొలవండి. 50 లోపైతే ఆ 45 వేలు వాళ్లే మీకు ఎదురివ్వాలి! హోల్ కుడికి మలుపు తిరిగి ఉంటే మరీ జాగ్రత్త, అడ్డదారి కొట్టేవాళ్లంతా మీ మీదుగానే కొడతారు.

పైకప్పు_పని

ఇన్‌స్పెక్టర్‌తో రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పండి. ఒకటి, గుర్తులు. టెక్సస్‌లో ఏ ఇంటికైనా వడగళ్ల దెబ్బలు ఉంటాయి, వాటినీ గోల్ఫ్ బంతి దెబ్బల్నీ కలిపేస్తారు. వడగళ్లైతే ఒక వాలు నిండా చుక్కలు చుక్కలుగా, ఏసీ కండెన్సర్ రెక్కల మీద కూడా ఉంటాయి. గోల్ఫ్ బంతివైతే అక్కడొకటి ఇక్కడొకటి, కోర్సు వైపే. స్టకో (సిమెంటు పూత) గోడైతే రూపాయి బిళ్ళంత గుంట, అల్యూమినియం గట్టర్ గొట్టమైతే లోపలికి నొక్కుకుపోయిన సొట్ట. ఇటుక గోడ మీద ఏమీ కనపడదు, గోడ బాగుందని మోసపోవద్దు. వెనక కిటికీల్లో కొన్నిటికే కొత్త రబ్బరు సీలు ఉంటే ఎందుకు మార్చారో అడగాలి.

రెండోది మీ సోలార్. ప్యానెళ్ల వడగళ్ల పరీక్షలో సాధారణంగా కొట్టేది 25 మిల్లీమీటర్ల మంచు గుండు, సెకనుకి 23 మీటర్ల వేగంతో. ఏడున్నర గ్రాముల బరువు, దెబ్బ శక్తి 2 జౌళ్లు. గోల్ఫ్ బంతి దాదాపు 46 గ్రాములు, పడేటప్పుడు సెకనుకి 30 మీటర్లు అనుకున్నా 20 జౌళ్లు. పదింతలు. ప్యానెల్ మీద ‘హెయిల్ టెస్టెడ్’ అని ఉందని ధీమా పడకండి. పెడితే కోర్సుకి అవతలి వాలు మీద పెట్టాలి. మీకు అది తూర్పు వాలు, పడమటి వాలంత వాడకం సమయానికి కరెంటు రాదు, ఆ లెక్క ఇన్‌స్టాలర్‌తో ముందే వేయించండి.

షింగిల్స్‌కి (పైకప్పు తారు పలకలకి) ఇంత భయం లేదు. దెబ్బలకి బాగా తట్టుకునే క్లాస్ 4 రకాన్ని 2 అంగుళాల ఉక్కు గుండుని 20 అడుగుల నుంచి వదిలి పరీక్షిస్తారు, అది 30 జౌళ్ల పైమాటే. మట్టి పెంకులైతే పగులుతాయి. గాజు విషయంలో టెంపర్డ్ గట్టిదే గాని పగిలిందంటే మొత్తం రవ్వలై రాలిపోతుంది. లామినేటెడ్ సాలెగూడులా బీటలువారి చట్రంలోనే నిలబడుతుంది, బంతి గదిలోకి రాదు. పాప గది వెనకవైపైతే ఆ ఒక్క కిటికీకైనా లామినేటెడ్ వేయించండి.

క్లోజింగ్_టేబుల్

టైటిల్ కమిట్‌మెంట్ (ఇంటి హక్కుల మీద టైటిల్ కంపెనీ ఇచ్చే కాగితం) వచ్చిందా? షెడ్యూల్ బి తెరవండి. అందులో పాత డిక్లరేషన్లు (కాలనీ నిబంధనల పత్రాలు), ఈజ్‌మెంట్ల (మీ స్థలాన్ని ఇతరులు వాడుకునే హక్కుల) రికార్డు నంబర్లు ఉంటాయి. ఆ నంబర్లు చూసి వదిలేస్తారు అందరూ. ఆ కాగితాల కాపీలు పంపమని టైటిల్ కంపెనీకి ఈరోజే మెయిల్ పెట్టండి. ‘గోల్ఫ్ బంతులు లాట్‌లోకి రావచ్చు, ఆటగాళ్లు వచ్చి తీసుకోవచ్చు, క్లబ్బుకి బాధ్యత లేదు’ అన్న అర్థంలో వాక్యం దొరికితే అద్దం పగిలిన ప్రతిసారీ ఖర్చు మీదే అనుకోండి.

ఆ వాక్యానికి ఎంత బలం అంటే, మసాచుసెట్స్‌లో కింగ్‌స్టన్ అనే ఊళ్లో 15వ హోల్ పక్కింటివాళ్లు 600కి పైగా బంతులు పడ్డాయని క్లబ్బు మీద దావా వేశారు. 2021లో జ్యూరీ ఇచ్చిన పరిహారం వడ్డీతో దాదాపు 50 లక్షల డాలర్లయింది. 2022 డిసెంబరులో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పుని కొట్టేసింది. ఈజ్‌మెంట్ కాగితాల్ని ఎలా చదవాలో జడ్జి జ్యూరీకి సరిగా చెప్పలేదన్నదే కారణం. టెక్సస్ చట్టం వేరు, కానీ కాగితం ముందు చదవాలన్నది ఎక్కడైనా ఒకటే.

ఇన్సూరెన్స్ మీద ఆశ వద్దు. ఇక్కడ డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి పెట్టాల్సిన మొత్తం) ఇంటి విలువలో 1 శాతం ఉండటం మామూలు. 6 లక్షల ఇంటికి 6 వేలు. ఒక కిటికీ అద్దం ఆ గీత ఎప్పటికీ దాటదు. కొట్టినవాడిని పట్టుకోవడం కూడా కష్టమే, కార్టు ఎక్కి పోతాడు.

‘వెనక ఇల్లు రాదు’ అన్నది ఊరికే నమ్మొద్దు. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో కోర్సు స్థలం ఎవరి పేర ఉందో చూడండి. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) సొంతమా, ప్రైవేటు కంపెనీదా, గోల్ఫ్‌కే వాడాలన్న డీడ్ రిస్ట్రిక్షన్ ఉందా, ఉంటే ఏ ఏడాది దాకా? కోర్సు వాగు పక్కన ఫెమా (అమెరికా విపత్తుల సంస్థ) వరద మ్యాప్‌లో ఏఈ జోన్‌లో (వరద ముప్పు ఎక్కువున్న చోట) ఉంటే అక్కడ ఇళ్లు కట్టడం కష్టం, ఆ లెక్కన మీకు మంచిదే, మీ లాట్ కూడా అదే జోన్‌లోకి రానంతవరకు. హ్యూస్టన్ క్లియర్ లేక్‌లో మూతపడిన కోర్సుని వరదనీటి చెరువులతో పార్కు చేశారు, పక్కిళ్ల అదృష్టం. అన్నిచోట్లా అలా జరగదు.

క్లబ్బు మెంబర్‌షిప్ తప్పనిసరా అన్నది కూడా రాతపూర్వకంగా అడగండి. కొన్నిచోట్ల ఆడినా ఆడకపోయినా నెలవారీ కట్టాలి, పైగా క్లబ్బు రెస్టారెంట్‌లో ఇంత తినాలన్న కనీస బిల్లు వేరే. ఇక ఆ 45 వేలు ఒకసారితో అయిపోదు. ఇంటి పన్ను 2 శాతం అనుకుంటే ఆ తేడా మీదే ఏటా 900.

సాయంత్రం_ఎండ

ఒక్క మాట. మనవాళ్లం ఈస్ట్ ఫేసింగ్ కోసం వెతుకుతాం, అంటే ప్యాటియో (ఇంటి వెనక అరుగు) పడమర. మామూలు వీధిలో వెనకింటి నీడైనా పడుతుంది, గోల్ఫ్ కోర్సు మీద అదీ లేదు. జులై, ఆగస్టుల్లో ఎండ ఎనిమిదింటిదాకా నేరుగా అద్దాల మీదే. చాలా హెచ్‌ఓఏలు కోర్సు వైపు చెక్క కంచె ఒప్పుకోవు, ఇనప ఊచలే, కాబట్టి మీరు ప్యాటియోలో ఇడ్లీ తింటుంటే నలుగురు చూస్తూ పోతారు. తెల్లారేసరికి గడ్డి కోసే యంత్రాలు వచ్చేస్తాయి, వారాంతాల్లోనూ. బెడ్‌రూమ్ గ్రీన్ (జెండా గుంత ఉండే చోటు) వైపు లేకపోతే నయం.

కొత్తిల్లు_ఫ్రిస్కో

చాలా థాంక్స్ అండీ. షెడ్యూల్ బి లో మూడు డాక్యుమెంట్లు ఉన్నాయి, కాపీలు అడిగాం. ఇంకో రెండు సందేహాలు. గడ్డి మందుల వల్ల పార్కిన్సన్స్ వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమా? కంచె మీద నెట్ కట్టిస్తే బంతులు ఆగుతాయా?

గజాల_లెక్క

మొదటిది పూర్తిగా పుకారు కాదు. 2025లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన అది. కోర్సుకి మైలు లోపు ఉన్నవాళ్లలో, ఆరు మైళ్లకి పైన ఉన్నవాళ్లతో పోలిస్తే ఆ జబ్బు అవకాశం రెండింతలకి పైగా కనిపించింది. కానీ అక్కడ గాలిలో, నీళ్లలో మందు ఎంతుందో కొలవలేదు. సంబంధం కనిపించింది, కారణం తేలలేదు. తాగే నీళ్ల మీద కూడా అందులో అనుమానం ఉంది. ఫ్రిస్కో, ప్లేనో వైపు నగరాలకి వచ్చేది ముఖ్యంగా సరస్సుల నీరు. మీకు చూసుకోవాల్సింది గాలికి కొట్టుకొచ్చే పిచికారీ. క్లబ్బుకి ఫోన్ చేసి గడ్డి చూసుకునే సూపరింటెండెంట్‌ని మందు పిచికారీ చేసే రోజులు అడగండి, ఆ పూట కిటికీలు వేసి, ఆటసామాను లోపలికి తీయండి. కంచె దగ్గర స్ప్రింక్లర్ మూతలు ఊదారంగులో ఉంటే అది శుద్ధిచేసిన మురుగునీరు, పాపని ఆ తడిలో ఆడనివ్వకండి.

నెట్ దండగ. స్లైస్ బంతి 40 డిగ్రీల వాలుతో దిగుతుంది అనుకుందాం. కంచెకీ ఇంటికీ 12 మీటర్లు, పైఅంతస్తు కిటికీ 6 మీటర్ల ఎత్తు. దాన్ని కాపాడాలంటే నెట్ 16 మీటర్లు, యాభై అడుగుల పైన లేవాలి. ఏ హెచ్‌ఓఏ ఒప్పుకోదు. 15 అడుగుల చెట్టుతో కంచె వెనక మూడు మీటర్ల మేర మనిషి తల వరకు కాపాడొచ్చు, అంతే. టీ దక్షిణాన ఉంది, బంతి మీకు నైరుతి వైపు నుంచి వస్తుంది. ఊయల ఇంటి చాటున ఉత్తరపు సైడ్‌యార్డ్‌లో పెట్టండి, నైరుతి మూలలో రెండు లైవ్ ఓక్‌లు నాటండి. నైరుతి బరువుగా ఉండాలంటారు గనక వాస్తు చూసే పెద్దవాళ్లు కూడా కాదనరు.